నడవనివాళ్ల లెక్క

నా మరదలు హత్సుయె అంటే నాకు అసూయ. ఈ మాట ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ అసూయ 1974 సెప్టెంబరులో మొదలై నవంబరుకల్లా ముదిరింది. కొత్త సంవత్సరం వచ్చేలోపు తమ్ముడు షూజి త్సుయామా బస్ డిపోకి బదిలీ చేయించుకుని, భార్యని తీసుకుని వెళ్లిపోయాడు. మా ఇంట్లో అన్నం ముందు కూర్చునే నలుగురం ఇద్దరమయ్యాం.

మాది ఒకాయామా. మా నాన్న నాన్బా కన్సాకు వృత్తి మనుషుల్ని లెక్కపెట్టడం. జనాభా లెక్కలు కావు, వీధిలో నడిచేవాళ్ల లెక్క. హిగురె వీధిలో నూట పది కొట్లు ఉండేవి. ఆ కొట్లవాళ్ల సంఘం ప్రతి ఏడూ ఎండలు తగ్గాక ఒక ఆదివారం, ఒక పనిరోజు చూసుకుని, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఏడు చోట్ల మా చేత లెక్కపెట్టించేది. వీధి బాగుపడుతోందా, పాడవుతోందా అన్నది ఆ అంకెల్ని బట్టే తేల్చుకునేవారు. నివేదిక చివర నాన్న పేరు ముద్ర పడిందంటే ఇక దాన్ని ఎవరూ ప్రశ్నించేవారు కాదు. నేను పదిహేడో ఏట ఆ పనిలోకి వచ్చాను. 1974 నాటికి నాకు ముప్పై ఒకటి. మధ్యలో రెండు సంబంధాలు వచ్చాయి కానీ రెండుసార్లూ పెళ్లిచూపులు లెక్కల రోజునే పెట్టారు, నేను వెళ్లలేదు.

ఆ ఏడు నాన్న కళ్లలో శుక్లాలు బాగా ముదిరాయి. వీధి మొదట్లో గడియారాల కొట్టు ముందున్నది మొదటి చోటు. అక్కడ ఎప్పుడూ నాన్నే కూర్చునేవాడు. మొదటి చోట కూర్చున్న మనిషే మిగతా ఆరుగురి కాగితాలూ సరిచూసి నివేదిక రాయాలి, ముద్ర వెయ్యాలి. ఈ ఏడుతో నేను మానేస్తాను, ఆ కుర్చీ ఎవరికివ్వాలో లెక్కలయ్యాక చెప్తాను అన్నాడు నాన్న. ఎవరికివ్వాలో అనడం ఆయన బడాయి అనుకున్నాను. పద్నాలుగేళ్లుగా పక్కనే ఉన్నదాన్ని నేను కాక ఇంకెవరున్నారు? ఆ కుర్చీ తప్ప ఈ లోకంలో నేను కోరుకున్నది వేరే లేదు కూడా.

హత్సుయె మా ఇంటికొచ్చి అప్పటికి రెండేళ్లు. కొండల వైపు పల్లె, పట్టుపురుగులు పెంచే ఇల్లు. జూన్‌లో ఆమెకి ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. పుట్టడమే ప్రాణం లేకుండా పుట్టింది. అలాంటి బిడ్డకి మా దగ్గర ఇంటి రిజిస్టరులో పేరు ఎక్కదు. తర్వాత మా ఇంట్లో ఎవరం ఆ సంగతి ఎత్తలేదు. నాన్న చామంతి కుండీల్లో మట్టి మార్చాడు. షూజి బస్సు మీద రెండో షిఫ్టు కూడా తీసుకున్నాడు. నేను అలమరాలన్నీ ఖాళీ చేసి తుడిచి మళ్లీ సర్దాను.

సెప్టెంబరులో, మా దగ్గర ఐదో చోట కూర్చునే మొరివాకిగారి భార్య మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు హత్సుయెని తీసుకుందాం అని నాన్నతో చెప్పింది నేనే. నా నెత్తిన నేనే తెచ్చి పెట్టుకున్నాను.

కొత్తవాళ్లకి నాన్న పెట్టే పరీక్ష ఒకటుంది. గుప్పెడు ఎర్ర చిక్కుడు గింజలు చాప మీద చల్లి, రెండు ఊపిరులు తీసుకునేంత సేపు చూడనిచ్చి, పైన దినపత్రిక కప్పేస్తాడు. ఎన్ని ఉన్నాయో చెప్పాలి. నా పదిహేడో ఏట నేను ఆరు తప్పాను. అది మంచి లెక్కే అన్నాడు అప్పట్లో. హత్సుయె మోకాళ్ల మీద కూర్చుని, కప్పిన పత్రిక వైపు చూస్తూ, “నలభై మూడు మావయ్యా” అంది. ఏరి చూస్తే నలభై మూడే. మళ్లీ చల్లాడు. అరవై ఎనిమిదంది. అరవై ఎనిమిదే.

ఎలా చెప్పగలుగుతున్నావని అడిగాడు నాన్న. పుట్టింట్లో పట్టుకాయలు ఐదేసి చొప్పున తీసి బుట్టల్లో వేసేవాళ్లమని, చిన్నప్పటి నుంచీ ఏది చూసినా ఐదేసిగా కనిపిస్తుందని చెప్పింది. నాన్న నవ్వాడు. మా అమ్మ పోయాక ఆయన అలా పళ్లు కనపడేలా నవ్వడం నేను చూడలేదు. నవ్వించిన మనిషి నేను కానందుకు నా ఒళ్లు మండింది. చాప మీది గింజలన్నీ నేనే ఏరి డబ్బాలో పోశాను. ఒకటి తక్కువొచ్చింది. చాప సందులో ఇరుక్కున్న దాన్ని కూడా వెతికి తీశాను.

నియమాలు నేర్పేది ఎప్పుడూ నేనే. మర్నాడు హత్సుయెని గడియారాల కొట్టు దగ్గరికి తీసుకెళ్లాను. దీపస్తంభం నుంచి ఎదురుగా ఉన్న మురుగు మూత దాకా ఒక గీత ఉందనుకో అన్నాను. ఆ గీత దాటిన కాలే మనకి లెక్క. రెండు చేతుల్లో రెండు కౌంటర్లు, బొటనవేలితో నొక్కితే ఒక అంకె జరుగుతుంది. ఎడమచేతిది స్టేషను వైపు పోయేవాళ్లకి, కుడిచేతిది నది వైపు పోయేవాళ్లకి. మొహాలు చూడకూడదు, చూస్తే ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే లెక్క పోతుంది. సైకిలెక్కి పోయేవాడు లెక్కలోకి రాడు, దిగి నడిపించుకుపోతే వస్తాడు. తెలిసినవాళ్లు పలకరించినా తల వంచకూడదు, వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు. అన్నిటికీ తల ఊపింది. ఆ సాయంత్రం ఆమెకి నూడుల్స్ కూడా నేనే కొనిపెట్టాను.

అక్టోబరులో ఒక పొద్దున, ఆఫీసులకీ కాలేజీలకీ పోయేవాళ్లు తప్ప ఇంకెవరూ తిరగని వేళ, ఉత్తుత్తి లెక్క పెట్టుకున్నాం. ఆమె చోటున నాన్న తన పాత స్నేహితుణ్ని కూడా కూర్చోబెట్టి ఇద్దరి కాగితాలూ పోల్చాడు. మూడు గంటల్లో రెండువేల ఎనిమిది వందల పైన మనుషులు, ఒక్క మనిషి తేడా లేదు. నా కాగితంలో ఎప్పుడూ నాలుగైదు తేడా ఉండేది. అది చూసి నాన్న ఊఁ అనేవాడు. హత్సుయె కాగితాన్ని మాత్రం కళ్లకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశాడు. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పద్నాలుగేళ్లలో నా కాగితం ఒక్కటీ ఆ జేబులోకి పోలేదు.

ఆ వారమంతా నేను ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆమె చేసిన పులుసులో ఉప్పెక్కువైందన్నాను, ఎక్కువవలేదు. ఆమె ఉతికిన బట్టలు మళ్లీ జాడించాను. ఒకరోజు భోజనాల దగ్గర హత్సుయె చిన్నచేపలు వెనిగర్లో ఊరబెట్టి వడ్డించింది. అవంటే నాన్నకి ప్రాణం. రెండోసారి వడ్డించమన్నాడు. బాగా పులిసినట్టు లేవు అన్నాను నేను.

“ఏం పర్లేదక్కా, ఒక్కసారి నీ మొహం చూపించు, అవే పులుస్తాయి,” అన్నాడు షూజి.

హత్సుయె నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జూన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. మంచిదే కదా అనిపించాలి. నాకు అనిపించలేదు. ఆ నవ్వుల మధ్యే నాన్న, నవంబరు లెక్కల్లో మొదటి చోట హత్సుయె కూర్చుంటుందని, తను వెనక నిలబడతానని, ఆ రెండు రోజులూ అయ్యాక కుర్చీ సంగతి తేలుస్తానని చెప్పాడు. నాకు రెండో చోటట. నేను సరే నాన్నా అని చేపలు ఇంకో రెండు తిన్నాను. ముల్లు ఒకటి గొంతులో గుచ్చుకుంటే ఎవరికీ చెప్పకుండా అన్నం ముద్దతో దింపాను.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నవంబరు మొదటి ఆదివారం నా రెండో చోటుని ఒక కాలేజీ విద్యార్థినికి అప్పగించి, నాకు పన్ను నొప్పి అని నాన్నకి అబద్ధం చెప్పి, గడియారాల కొట్టుకి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు మేడ మీద కిటికీ దగ్గర కూర్చున్నాను. ఒళ్లో నా సొంత కౌంటర్లు. హత్సుయె లెక్కపెట్టే గీతనే నేనూ లెక్కపెట్టాలని, ఆమె ఎక్కడ తప్పుతుందో పట్టుకోవాలని. తప్పకుండా ఎవరుంటారు, తొమ్మిది గంటలపాటు?

కాఫీ కొట్టు ఇకెగామిగారు ఒకప్పుడు మా అమ్మ స్నేహితురాలు. కప్పు పెడుతూ నా చేతులు చూసి, “ఎవరి మొగుణ్ని కనిపెడుతున్నావే?” అంది.

“నాకు మొగుడు లేడని మీకు తెలుసుగా.”

“అందుకే అడుగుతున్నాను.”

కింద హత్సుయె మడత కుర్చీలో నిటారుగా కూర్చుంది. నీలం అంగీ, జుట్టుకి గుడ్డ. వెనక నాన్న, చేతులు నడుం మీద పెట్టుకుని, కనిపించని వీధి వైపు చూస్తూ. మధ్యాహ్నం తన టీ సీసా మూత తీసి ఆమెకి ముందు పోశాడు. నాకెప్పుడైనా పోశాడా అని ఆలోచించాను. ఆలోచన వస్తే లెక్క పోతుందని నేనే చెప్పేదాన్ని కదా, అక్కడ ముగ్గురో నలుగురో జారిపోయి ఉంటారు. హత్సుయె ఏడింటి దాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆ సాయంత్రం కాగితాలు పోగు చేసేటప్పుడు ఆమెది తీసుకుని నా కాగితం పక్కన పెట్టి చూశాను. మొదటి గంటలో ఆమె అంకె నా అంకె కన్నా పద్నాలుగు ఎక్కువ. రెండో గంటలో పంతొమ్మిది. తర్వాత పదకొండు. మొత్తం రోజుకి నూట యాభై ఒకటి. ప్రతి గంటా ఆమెదే ఎక్కువ. ఒక్క గంటలో కూడా నాది మించలేదు. మనిషి పొరపడితే అటూ పోతాడు, ఇటూ పోతాడు. ఎప్పుడూ ఒకవైపే పోతోందంటే, లెక్కపెట్టకూడనిది ఏదో లెక్కపెడుతోందన్నమాట. ఆ ఆలోచనకి నాకు ఆనందంతో ఆకలేసింది.

బుధవారం పనిరోజు లెక్క. పన్ను నొప్పి ఇంకా తగ్గలేదని చెప్పి మళ్లీ ఆ కిటికీ దగ్గరికే వెళ్లాను. ఈసారి వీధిని చూడలేదు, హత్సుయె బొటనవేళ్లని చూశాను. పదిన్నరకి తెలిసిపోయింది. వీపున బిడ్డని కట్టుకుని ఒకావిడ గీత దాటింది. హత్సుయె ఎడమ బొటనవేలు రెండుసార్లు కదిలింది. కాసేపటికి ఒకాయన చంకలో పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చాడు. మళ్లీ రెండుసార్లు. నడవని పిల్లలు మా లెక్కలోకి రారు. నేల మీద కాలు పెట్టనివాడు నడిచేవాడు కాదన్నది నాన్న మొదటి రోజు నుంచీ పెట్టిన నియమం. సంఘంవాళ్లకి కొనేవాళ్ల లెక్క కావాలి, చంటిపిల్లలు ఏం కొంటారు?

ఆమె ఎందుకు నొక్కుతోందో నాకు తెలియదని అనను. తెలిసింది. తెలిసి కూడా, దొరికింది అనే అనుకున్నాను.

ఆ సాయంత్రం షూజి డ్యూటీలో ఉన్నాడు. నాన్న బల్ల ముందు కూర్చుని భూతద్దంతో కాగితాలు చూస్తున్నాడు. హత్సుయె టీ తెచ్చి పెట్టి పక్కనే కూర్చుంది. మొదటి చోటు లెక్క తప్పు నాన్నా అని చెప్పి నా కాగితాన్ని ఆయన ముందు పెట్టాను. పన్ను నొప్పి అబద్ధమని, రెండు రోజులూ ఎక్కడున్నానో, ఏం చూశానో వరసగా చెప్పాను. గొంతు వణకలేదు. పద్నాలుగేళ్లలో నేను అంత బాగా ఏ నివేదికా చదవలేదు.

నాన్న భూతద్దం పక్కన పెట్టాడు. చంటిపిల్లల్ని నొక్కావా అని హత్సుయెని అడిగాడు. నొక్కానంది.

“ఎంతమంది?”

“ఆదివారం నూట నలభై ఏడుగురు మావయ్యా. ఇవాళ అరవై ఇద్దరు.”

తడుముకోలేదు. ఇంకో మనిషైతే మొత్తం లెక్కపెట్టడానికే తల వాచిపోయేది. ఈమె అందులోనే పిల్లల్ని విడిగా మనసులో పోగు చేసుకుంది. నాన్న వేలు నా కాగితం మీద నూట యాభై ఒకటి దగ్గర ఆగింది. ఆ పిల్లల్ని తీసేస్తే ఇంకా నాలుగు తేడా. ఆ నలుగురూ ఎవరి చేతిలోంచి జారిపోయారో మా ముగ్గురికీ తెలుసు. నాన్న ఊఁ అన్నాడు.

తప్పుల విషయంలో నాన్నకి ఒక పద్ధతి ఉంది. నియమం తెలియక తప్పితే కూర్చోబెట్టి మళ్లీ చెప్తాడు. తెలిసి తప్పితే ఆ మనిషి ఇక మా కుర్చీలో కూర్చోడు. మొరివాకిగారి పెద్దకొడుకుని అలాగే పంపించేశాడు. కాబట్టి నాన్న తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు.

“పిల్లల్ని లెక్కపెట్టకూడదని నీకు ఎవరూ చెప్పలేదా?”

సెప్టెంబరులో జరిగింది ఇక్కడ చెప్పాలి. గడియారాల కొట్టు దగ్గర నియమాలన్నీ చెప్పి ఆఖరిదానికి వచ్చాను. సరిగ్గా అప్పుడే వీపున బిడ్డతో ఒకమ్మాయి మా ముందు నుంచి వెళ్లింది. బిడ్డ నిద్రపోతోంది, దాని తల ఒక పక్కకి వాలి ఊగుతోంది. హత్సుయె కళ్లు వీధి మలుపు దాకా ఆ తల వెంటే పోయాయి. నడవని పిల్లలు లెక్కలోకి రారు అన్న మాట నా నోట్లోనే ఉంది. ఆమె మొహం చూసి ఆ మాట అనలేకపోయాను. ఇంతే, ఇంకేం లేవు, పద ఏమన్నా తిందాం అన్నాను. తర్వాత మరిచిపోయానని చెప్పుకోవచ్చు. బుధవారం ఆమె వేళ్లు చూసినప్పుడైనా గుర్తుకు రాలేదా అంటే, రానివ్వలేదు.

ఇప్పుడు నాన్న ప్రశ్న హత్సుయె ముందుంది. హత్సుయె నిజం చెబితే చాలు, తప్పు నాదవుతుంది. నేర్పవలసినదాన్ని నేర్పకుండా వదిలేసి, పైగా మేడెక్కి కాపలా కాసినదాన్నవుతాను. ఆమె నా వైపు చూసింది. ఎంతోసేపు కాదు. ఏదో లెక్క తేలినట్టు చూపు దించుకుంది.

“వదిన చెప్పారు మావయ్యా. నేనే పట్టించుకోలేదు.”

నాన్న సరేనన్నాడు. అన్నం సంగతి చూడమని ఆమెని లోపలికి పంపించాడు. నేను నోరు తెరవలేదు.

కాసేపాగి, టీ కప్పులు తీసే వంకతో వంటింట్లోకి వెళ్లాను. హత్సుయె బియ్యం కడుగుతోంది. ఎందుకలా చెప్పావని మెల్లగా అడిగాను. చేతులు నీళ్లలోంచి తియ్యకుండానే జవాబు చెప్పింది.

“ఆ రోజు మీరేదో చెప్పబోయి ఆగిపోయారు. ఏం చెప్పబోయారో ఇప్పుడు మావయ్య అడిగాక తెలిసింది. ఈ ఇంట్లో నా బిడ్డని తలుచుకుని నోరాపుకున్న మనిషి మీరొక్కరే వదినా. అది తప్పని నా నోటితో ఎలా చెప్పమంటారు?”

నేను ఏడ్చానని చెబితే బాగుంటుంది. ఏడవలేదు. నాకు కలిగింది అసూయే. అంతకు ముందుకన్నా ఎక్కువగా కలిగింది. లెక్కలో నాకన్నా మేలు, నాన్నని నవ్వించడంలో మేలు, ఆఖరికి ఇందులో కూడా ఈమేనా అనిపించింది. నా జీవితంలో చేసిన ఒక్క మంచిపని నాకన్నా ఆమెకే బాగా గుర్తుంది. వెళ్లి నాన్నకి నిజం చెప్పేస్తే నేనూ ఆమెతో సమానమవుతాను కదా అనుకున్నాను. అది అనుకున్నది కూడా పోటీకే.

“తోమియే,” అని నాన్న ముందుగదిలోంచి నన్ను పేరు పెట్టి పిలిచాడు. చెప్పెయ్యాలనే వెళ్లాను. ఆయన ముద్ర ఉన్న గుడ్డసంచీ బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు. కళ్లు సరిగా నా మొహం మీద నిలవక, భుజం మీద ఎక్కడో నిలిచాయి. వచ్చే ఏటి లెక్కలకి హత్సుయె బదులు ఇంకెవర్నైనా వెతకాలన్నాడు. తర్వాత సంచీ తీసి నా వైపు చాపి, “మొదటి చోటు నీదేనమ్మా. ఈ నివేదిక నువ్వే రాయి,” అన్నాడు. నన్ను అమ్మా అని పిలిచి ఎన్నేళ్లయిందో.

వంటింట్లో బియ్యం కడిగే చప్పుడు ఆగింది. హత్సుయె వింటోంది. నాన్న చెయ్యి చాపే ఉంచాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, పెద్దవాళ్ల దగ్గర తీసుకోవలసినట్టే రెండు చేతులతో సంచీని అందుకున్నాను.

అప్పుడే బల్ల దగ్గరికి జరిగి, కలం తీసుకుని, హత్సుయె రాసిన ఆదివారం అంకెలోంచి నూట నలభై ఏడుగురిని తీసేశాను.